విదేశయాత్ర - శరణాగతి

శ్రీమద్భగవద్గీత సప్తమాధ్యాయమున భగవానుడు తన్ను భజించు సుకృతులను నాలుగు తెగలుగా పేర్కొనియున్నాడు. ఆపదలో చిక్కి మొరలిడు ఆర్తుడు, తత్త్వమును తెలియగోరు జిజ్ఞాసువు, ఐశ్వర్యాదులను కోరు అర్థార్థి, భగవంతునే కోరు జ్ఞాని. వీరిలో జ్ఞాని తనకు ఆత్మయేయని పలికిన స్వామి తక్కిన మువ్వురిని త్రోసిపుచ్చలేదు. అందరును ఉదారులేయని ప్రశంసించినాడు. అడుగవచ్చినవాడు ఉదారుడెట్లగును? తన వద్ద ఏ కొంచెము గ్రహించినవారైనను తనకు సర్వస్వము నిచ్చినవారేయని స్వామి తలచునని భగవద్రామానుజులు గీతాభాష్యమున దీనికి సమాధానము చెప్పిరి. జీవుడు చేయి చాచుటయే మహోపకారమని తలచు దయాళువు ఆయన.

ఈ కాలపు అర్థార్థిని చూడవలెనన్నచో హైదరాబాదునకు సమీపమున, రంగారెడ్డి జిల్లాలో, ఉస్మాన్‌సాగర్ జలాశయపు ఒడ్డుననున్న చిలుకూరు బాలాజీ సన్నిధికి వెళ్లవలెను. చేత పాస్‌పోర్టు ధరించి, పెదవులపై గోవిందనామముతో ప్రదక్షిణము చేయు యువతీయువకులు అక్కడ నిత్యము కానవచ్చుచుందురు. ఉన్నత విద్యకై వెళ్లగోరువారు కొందరు, ఉద్యోగార్థులు కొందరు, సముద్రములకావల ప్రసవించనున్న కుమార్తెను చూడబోవు తల్లులు కొందరు. 11 ప్రదక్షిణములు చేసి కోరిక విన్నవించుకొనుట, అది నెరవేరిన పిమ్మట మరల వచ్చి 108 ప్రదక్షిణములు సమర్పించుట అచ్చటి ఆచారము. ఆ ఆలయమున హుండీ లేదు. స్వామికి చెల్లవలసినది ధనము కాదు, నడక, నామము, మనస్సు. అందుచేతనే లోకులు ఆయనను ‘వీసా బాలాజీ’ యని చనువుతో పిలుచుకొనుచున్నారు.

పరతత్త్వమైన శ్రీమన్నారాయణుని పాస్‌పోర్టుమీది ముద్రకొరకు ప్రార్థించుట తగునాయని కొందరు పెద్దలు శంకింతురు. ఈ శంకకు గీతయే సమాధానము. పదునెనిమిదవ అధ్యాయమున ఏ కర్మ సిద్ధించుటకైనను ఐదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానమగు శరీరము, కర్తయగు జీవుడు, కరణములగు ఇంద్రియములు, వివిధ చేష్టలు, ఐదవది దైవము. ఆ దైవమనగా అంతర్యామియైన పరమాత్మయేయని రామానుజ సిద్ధాంతము. వీసా విషయమున ఇది కరతలామలకముగ కనబడును. చదువుట, పరీక్షలు వ్రాయుట, పత్రములు కూర్చుట, రుసుము చెల్లించుట, అధికారి యెదుట నిలిచి మాటాడుట - ఇవన్నియు జీవుని చేతిలోనివి. ఆపైన జరుగునది అతని చేతిలో లేదు. అమెరికా దేశపు చట్టము ప్రకారము, విద్యార్థిగా గాని సందర్శకుడుగా గాని వెళ్లగోరువాడు అక్కడనే స్థిరపడనెంచినవాడని మొదట తలంపబడును. అట్లు కాదని అధికారికి నమ్మిక కలిగించు భారము అతనిదే. ఆ నమ్మిక కొద్ది నిమిషముల సంభాషణలో కలుగవలెను. నిపుణులైన ఉద్యోగుల కొసగు హెచ్-1బి వీసాలకు సంవత్సరమునకు 65,000, అమెరికా విద్యాసంస్థలలో మాస్టర్స్ పట్టా మొదలగు ఉన్నత పట్టములు పొందినవారికి మరి 20,000 అని పరిమితి గలదు. కోరువారు అంతకు మించినప్పుడు లాటరీ పద్ధతిని ఎంపిక జరుగుచున్నది. నాలుగు కారణములను నెరవేర్చినవాడు ఐదవదానిని ఆశ్రయించుట మౌఢ్యము కాదు, శాస్త్రసమ్మతమైన వివేకము. నాలుగింటిని విడిచి ఐదవదానినే పట్టుకొనుట మాత్రము సోమరితనము.

పరదేశ ప్రవేశమునకు అనుమతి కోరుట నూతనమైన విషయమును కాదు. సాల్వుడు ద్వారకను ముట్టడించినప్పుడు ముద్ర లేనివాడు పురమునుండి వెడలుటకును, పురమును ప్రవేశించుటకును వీలు లేకుండెనని మహాభారతము వనపర్వము చెప్పుచున్నది. సాక్షాత్తు శ్రీకృష్ణుని పట్టణముననే ఈ నియమముండెను! కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను ఉద్యోగి కలడు. మాషకమను చిన్న నాణెమును పుచ్చుకొని అతడు ముద్ర నొసగవలెను. ముద్ర లేని స్వదేశీయునకు 12 పణముల జరిమానా. దొంగముద్ర కలవానికి అంతకు మించిన దండన. అతడు పరదేశీయుడైనచో ఉత్తమ సాహసమను గరిష్ఠ దండన. ముద్ర లేకుండుటకంటె అబద్ధపు ముద్ర పెద్ద నేరమని అందలి ధర్మము.

శ్రీవైష్ణవులకు శరణాగతి వేదమైన శ్రీమద్రామాయణమున అనుమతి కోరి నిలిచిన మహనీయుడొకడు కలడు. విభీషణుడు సముద్రమును దాటి శ్రీరాముని శిబిరమునకు వచ్చి ఆకాశముననే నిలిచెను. ఆతడు తన్ను గూర్చి ఏమి చెప్పుకొనెను? రావణుడు దుర్వృత్తుడనియు, తాను ఆ రావణుని తమ్ముడననియు మొట్టమొదటనే చెప్పెను. తనకు మిక్కిలి హాని చేయగల సత్యమును దాచలేదు. సుగ్రీవుడు అనుమానించెను. అంగద జాంబవంతాదులు పరీక్షింపవలెననిరి. హనుమంతుడొక్కడు ఆతని మాటలో, ముఖములో కపటము లేదని పలికెను. తుదకు శ్రీరాముడు అభయమొసగి లోనికి రప్పించెను. ఆ సత్యమే విభీషణుని మొదటి యోగ్యతాపత్రము.

నేడు దరఖాస్తు చేయువారు ఈ ఘట్టమును నిత్యము మననము చేయదగును. లేని అనుభవమును ఉన్నట్లు వ్రాయించుట, బ్యాంకు ఖాతాలో నాలుగు నాళ్లకు అప్పు తెచ్చిన సొమ్ము చూపించి మరల తీసివేయుట, కల్పిత పత్రములను కొనుట - ఇట్టివాటికి తోడ్పడు మధ్యవర్తులకు కొదువ లేదు. ముఖ్యవిషయములలో మోసమునకు పాల్పడినట్లు తేలినవానికి ఆ దేశప్రవేశము శాశ్వతముగ నిషిద్ధమగునని అమెరికా చట్టము చెప్పుచున్నది. ఆ శిక్ష అటుండనిండు. అబద్ధపు కాగితమును జేబులో నుంచుకొని సత్యస్వరూపుని చుట్టు ప్రదక్షిణము చేయుట యెట్లు పొసగును? ప్రతికూలమైనదానిని వర్జించుట శరణాగతికి అంగమని పెద్దలు విధించిరి. ఆ కాగితమును చింపివేసిన తరువాతనే మొదటి ప్రదక్షిణము మొదలగును.

అనుమతి లభించిన పిమ్మట ఎట్లు మెలగవలెనో హనుమంతుడు నేర్పుచున్నాడు. ఆయన సముద్రమును లంఘించినప్పుడు ఆయనయొద్ద శ్రీరామనామాంకితమైన అంగుళీయకముండెను. సీతమ్మ విశ్వసించుటకు అది గుర్తు. నడిమి సముద్రమున మైనాకుడు ఆతిథ్యమొసగ రాగా ఆయన గిరిని చేతితో స్పృశించి, గౌరవించి, ఆగక సాగిపోయెను. లంకలోని బంగారు మేడలను, పానశాలలను చూచెనేగాని వచ్చిన పనిని మరువలేదు. పరదేశమునకు వెళ్లు బిడ్డలకు ఇంతకంటె మేలైన హితవు లేదు. ఆ దేశపు మర్యాదను మన్నింపవలెను, చట్టమును పాటింపవలెను, వచ్చిన కార్యమును మరువరాదు. అట్లు వెళ్లినవారే 1970 దశకమున అమెరికాలోని పిట్స్‌బర్గు సమీపమున శ్రీ వేంకటేశ్వరునకు ఆలయము నిర్మించుకొనిరి. బిడ్డలు వెళ్లినచోటికి స్వామియు వెళ్లెను.

ఇక అనుమతి లభింపనివారి మాట. ఇంటిలో అప్పు చేసి రుసుములు కట్టి, బంధువులందరికి చెప్పుకొని, తిరస్కారపత్రముతో బయటికి వచ్చిన బిడ్డకు లోకము శూన్యముగ తోచును. తన ప్రదక్షిణము వ్యర్థమైనదనుకొనును. అట్టివాడు చిలుకూరు స్థలపురాణమునే ఒకసారి తలచుకొనవలెను. పూర్వమొక భక్తుడు ఏటేట తిరుమలకు పోయి స్వామిని సేవించుచుండెడివాడు. ఒక సంవత్సరము వ్యాధిచేత కదలలేకపోయెను. ప్రయాణము తప్పిపోయినదని దుఃఖించుచుండగా స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, తాను సమీపముననున్న అడవిలోనే ఉన్నాననియు, దిగులు వలదనియు పలికెను. భక్తుడు స్వామి చూపిన చోట పుట్టను త్రవ్వగా గునపము స్వామి విగ్రహమునకు తగిలి గాయమునుండి రక్తము స్రవించెను. ఆవుపాలతో పుట్టను తడుపుమను వాణి వినబడెను. అట్లు చేయగా శ్రీదేవీ భూదేవీ సమేతుడైన స్వామి వెలువడెను.

కావున ఈ క్షేత్రము పుట్టినది యాత్ర సఫలమైనవాని కొరకు కాదు. యాత్ర ఆగిపోయినవాని కొరకు. పోలేనివాని యింటి ముంగిటికి, గునపపు దెబ్బను కూడ సహించి వచ్చిన స్వామి ఈయన. వీసా రానివాడు ఈయన దయకు దూరుడు కాడు; ఆ మొదటి భక్తునకు చుట్టము. బిడ్డలను సాగనంపి, ఫోనుకొరకు ఎదురుచూచుచు, ఒంటరిగ దీపము పెట్టుకొను తల్లిదండ్రులకును ఈ కథయే ఊరట. కోరిక నెరవేరినవాడు 108 ప్రదక్షిణములు చేయుట కృతజ్ఞత. నెరవేరనివాడును మరల వచ్చి ఒక్క ప్రదక్షిణము చేసెనేని అది ప్రపత్తి. అర్థార్థిగ వచ్చినవాడు జ్ఞానియగుటకు అదియే తొలిమెట్టు.

ఆచార్యులు పంచసంస్కార సమయమున భుజములపై శంఖచక్ర ముద్రల నుంచుదురు. ఆ ముద్రకు గడువు లేదు. దానిని రద్దు చేయు అధికారియు లేడు. ఏ దేశముననున్నను, స్వదేశముననే యుండిపోయినను, జీవుడు స్వామి సొత్తేయని అది చాటుచుండును. ఈ యెరుకతో ప్రయత్నించువారికి ప్రయాణమును, ఆగిపోయినవారికి ధైర్యమును, ఇంట వేచియున్న పెద్దలకు శాంతియు అలర్‌మేల్మంగాసమేతుడైన శ్రీనివాసుడు అనుగ్రహించుగాక.