మిగిలిన గుడ్డముక్కలు

ప్రియ చదువరీ, గోదావరిఖనిలో ఒక సింగరేణి క్వార్టరును తలంచుకొనుము. భర్త రాత్రి షిఫ్టునకు బొగ్గుబాయికి వెళ్లిన పిమ్మట, ఒక తల్లి దీపము క్రింద కూర్చుండి పొరుగింటి బాలింతకు బొంతయు, పసిబిడ్డకు చొక్కాయు కుట్టుచున్నది. గుడ్డ పాతచీరెలది, గుండీలు భర్త చినిగిన చొక్కావి. మిగిలినది ఇచ్చుట కానుక యగునా?

ఇది చిన్న ప్రశ్న కాదు. తాను వెల చెల్లింపనిదానిని దేవునికి అర్పించుటకు దావీదు అరౌనా కళ్లమునొద్ద ఒప్పుకొనలేదు (2 సమూయేలు 24). అయితే ఈ తల్లి వెల చెల్లింపలేదా? గుడ్డ మిగిలినదే, ఆమె నిద్ర మిగిలినది కాదు, ఆమె కంటిచూపు మిగిలినది కాదు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపినవి ఆమె కుట్టిన అంగీలే (అపొ. కార్య. 9).

కాని మనలను మనము మోసపుచ్చుకొనకుందము. ఇంట అడ్డమైనదానిని బీదలకిచ్చి దానమని పేరు పెట్టుదుము. ఒక క్రిస్మసుకు నేనును గుండీలు ఊడిన కోటు నిట్లే ఇచ్చి, పుచ్చుకొన్నవాని ముఖము చూచి సిగ్గుపడితిని. నాలుగు గుండీలు కుట్టుటకు నాకు తీరిక లేకపోయెను!

చదువరీ, ఇచ్చుటకు ముందు ఒక్కమాట అడుగుకొనుము: దీనిని నా బిడ్డకు తొడుగుదునా? తొడుగుదువేని, సంతోషముగా ఇమ్ము. లేనియెడల సూది మరల చేతపట్టుము.