కల్లెడ బడి బిడ్డలు

ధ్యానభాగము: యోహాను సువార్త 9వ అధ్యాయము, 1 మొదలు 38 వరకు



సంక్రాంతి దాటినది మొదలు పరీక్షలు వచ్చువరకు మన పల్లెలలోని బడులన్నిటను వార్షికోత్సవములే. రంగుకాగితపు తోరణములు, మైకు సెట్టు, అద్దెకు తెచ్చిన కుర్చీలు, బల్లమీద వరుసగా పేర్చిన స్టీలు గిన్నెలు, పళ్లెములు. చదువులో మొదట వచ్చినవారికి, పరుగుపందెములో గెలిచినవారికి, కబడ్డీ ఆడినవారికి బహుమానములు. పేరు పిలువగానే పిల్లవాడు వేదికమీదికి పరుగెత్తును. క్రింద కూర్చున్న తండ్రి ప్రక్కవానిని మోచేతితో పొడిచి, వాడు మావాడే అనును. ఇదంతయు మీరెరిగినదే.

ఇట్టి సంబరములు మనకెందుకని కొందరు పెద్దలు అందురు. పిల్లలను ఎదుట పొగడిన దిష్టి తగులునని మరికొందరు. దిష్టి సంగతి అటుంచుడి. అది విశ్వాసి నోట రావలసిన మాట కాదు. పోయిన నాణెము దొరికిన స్త్రీ ఇరుగుపొరుగువారిని పిలుచుకొని సంతోషించినదని చెప్పినవాడు మన ప్రభువే. పౌలు రోమీయులకు వ్రాయుచు, దుఃఖించువారి దుఃఖములోను సంతోషించువారి సంతోషములోను పాలుపొందుమని బోధించెను. ఈ రెంటిలో మొదటిది మనకు కొంత చేతనగును; చావు ఇంటికి అందరము పోవుదుము. రెండవదే కష్టము. ఎంత కష్టమో ప్రక్కింటివాని కూతురికి మొదటి బహుమానము వచ్చిననాడు తెలియును.

కాబట్టి ఈ మాసము మన జిల్లాలోని ఒక బడిని గూర్చి, ఆ బడి బిడ్డలను గూర్చి మీతో ముచ్చటింపవలెనని తలంచితిని.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలములో కల్లెడ యను గ్రామమున్నది. మన ఊళ్లవలె అదియు సేద్యముమీదను కూలిమీదను బ్రదుకు ఊరే. 1996లో గ్రామీణాభివృద్ధి ఫౌండేషన్ అను సంస్థ అచ్చట బడి పెట్టినది. ఆ బడిలో పాఠములతోపాటు పిల్లలకు విల్లంబులు కూడ నేర్పిరి. అచ్చట విల్లు పట్టిన వర్ధినేని ప్రణీత 2008లో చైనాదేశపు బీజింగ్ ఒలింపిక్ ఆటలలో మన దేశము పక్షమున బాణము వేసినది. అప్పటికామెకు పదునేడేండ్లు. కల్లెడ పేరు పట్టణములవారు మొదట వినినది ఆమె వలననే.

అదే కల్లెడలో, అదే బడిలో చదివిన మరియొక బిడ్డ జీవంజి దీప్తి. ఈమె 2003లో పుట్టినది. తలిదండ్రులు కూలి చేసి బ్రదుకువారు. పుట్టినప్పుడు తల చిన్నదిగాను, ముక్కు పెదవులు కొంచెము వేరుగాను ఉండెనని తల్లి పత్రికలవారితో చెప్పినది. బిడ్డ ఎదుగుచుండగా బుద్ధి వికాసము వయస్సుకు తగినట్లు లేదని తేలినది. ఊరివారును చుట్టములలో కొందరును ఆమెను పిచ్చిది అనిరి, కోతి అనిరి. అనాథాశ్రమములో విడిచిపెట్టుడని సలహాయును ఇచ్చిరి. గ్రహణపు వేళ పుట్టుటచేత ఇట్లయినదను మాటయు ఉండెను.

ఇచ్చట మనము చదివిన భాగము తెరువుడి.

ప్రభువు త్రోవను పోవుచు పుట్టుగ్రుడ్డివానిని చూచెను. శిష్యులును చూచిరి. అయితే శిష్యుల కంటికి మనుష్యుడు కనబడలేదు, ఒక ప్రశ్న కనబడినది. ఇది ఎవరి పాపఫలము, వీనిదా, కన్నవారిదా అని అడిగిరి. ఆ మనుష్యుడు అక్కడనే కూర్చుండియున్నాడు. అతని కన్నులు మూయబడినవి గాని చెవులు మూయబడలేదు. ఈ ప్రశ్న అతడు పుట్టిననాటనుండి ఎన్నిమారులు వినియుండునో!

మన పల్లెలలో ఆ ప్రశ్న గ్రహణము రూపమున వచ్చును. గ్రహణమునాడు గర్భిణి కత్తి పట్టుకొన్నదా, కూరగాయ కోసినదా, కదలక పడుకొన్నదా లేదా అని విచారణ. సూర్యునికిని భూమికిని నడుమ చంద్రుడు వచ్చినప్పుడు ఆ నీడ భూమిమీద పడును, దానిని సూర్యగ్రహణమందురు. ఆ నీడకు గర్భమును తాకు శక్తి లేదు. అయినను ఆ విచారణ ఏల చేయుదుము? తల్లిమీద నెపము మోపినయెడల మనకిక పని యుండదు. కారణము దొరికినది, ఇంటికి పోవచ్చును. శిష్యుల ప్రశ్నలో ఉన్న సుఖము ఇదియే. ప్రభువు ఆ సుఖమును వారికి దక్కనీయలేదు. వానిదియు కాదు, కన్నవారిదియు కాదని తేల్చిచెప్పి, పగలున్నంతసేపు చేయవలసిన పని యున్నదనెను. వెంటనే నేలమీద ఉమ్మివేసి బురద చేసెను. వారు కారణము వెదకుచుండగా ఆయన చేతులు బురదలో ఉండెను.

దీప్తి తల్లి చేసిన పని ఎట్టిదనగా, తోటిపిల్లలు వెక్కిరించినప్పుడు బిడ్డ ఏడ్చుచు ఇంటికి వచ్చెడిది. తల్లి తీపి అన్నము వండిపెట్టెడిది, ఒక్కొక్కనాడు కోడికూర. దానితో బిడ్డ సంతోషించెడిది. కూలిచేసికొని బ్రదుకు ఇంట కోడికూర ఎంత ఖరీదో మీకు చెప్పనక్కరలేదు. మనము చదివిన అధ్యాయములోని తలిదండ్రులు సమాజమందిరపు పెద్దలకు వెరచి, వాడు పెద్దవాడాయెను, వానినే అడుగుడని తప్పుకొనిరి. ఈ తల్లియైతే తప్పుకొనలేదు. ఊరు ఏమన్నదో పత్రికలవారి యెదుట దాచక చెప్పినది.

బడిలోని వ్యాయామోపాధ్యాయుడు ఈ పిల్ల పరుగెత్తుట చూచెను. ఆ పని చిన్నది కాదు. తరగతిలో వెనుకబడిన పిల్లను అందరును చూతురు. ఏ విషయమున వెనుకబడినదో దానినే చూతురు. అతడు ఆమె కాళ్లను చూచెను. యెష్షయి ఇంట ఏడుగురు కుమారులను వరుసగా నిలువబెట్టినప్పుడు, ఇంకొకడున్నాడని తండ్రికే జ్ఞాపకము రాలేదు; సమూయేలు అడిగిన తరువాత గాని గొఱ్ఱెలయొద్దనున్న చిన్నవానికి కబురు పోలేదు. మంచి ఉపాధ్యాయుడు సమూయేలువలె ఇంకొకరున్నారా అని అడుగువాడు. పిమ్మట నాగపురి రమేష్ అను శిక్షకుడు ఆమెను పోటీలలో చూచి, హైదరాబాదునకు పిలిపించి తర్ఫీదునిచ్చెను. బాడ్మింటన్ గురువు పుల్లెల గోపీచంద్ సలహామీద సికింద్రాబాదులోని జాతీయ సంస్థలో ఆమెకు పరీక్షలు జరిగెను. అప్పటినుండి బుద్ధి వికాసలోపము గలవారి తరగతిలో, ఆటల భాషలో టి-20 అను తరగతిలో, ఆమె పరుగెత్తుచున్నది.

ఈ తరగతికి ఒక చరిత్ర యున్నది. అది సంతోషకరమైనది కాదు. 2000 సంవత్సరమున ఆస్ట్రేలియాలోని సిడ్నీలో వికలాంగుల ఒలింపిక్స్, అనగా పారాలింపిక్ ఆటలు జరిగినవి. బుద్ధి వికాసలోపము గలవారి బాస్కెట్‌బాల్ పోటీలో స్పెయిను జట్టు బంగారు పతకము గెలిచెను. తరువాత విచారింపగా, ఆ జట్టులోని పన్నెండుగురిలో పదిమందికి ఏ లోపమును లేదని బయటపడినది. పతకములు తిరిగి ఇచ్చివేయవలసివచ్చినది. అంతటితో పోలేదు. బుద్ధి లోపమును నిర్ణయించు విధానమే నమ్మదగినది కాదని ఆ తరగతులన్నిటిని ఆ ఆటలనుండి తీసివేసిరి. 2012లో లండనులో మరల కొన్ని పోటీలకు మాత్రము తలుపు తెరచిరి. ఆరోగ్యవంతులు ఆడిన అబద్ధమునకు, ఏ పాపము నెరుగని పిల్లలు పండ్రెండేండ్లు బయట నిలిచిరి. దొంగ సర్టిఫికెట్టు తీసికొని పింఛనుకో ఉద్యోగమునకో దరఖాస్తు పెట్టువారు మన ప్రాంతమున లేరని అనజాలను. సర్కారు సొమ్ము గదా, ఎవరికి నష్టమని అట్టివారందురు. నష్టమెవరికో సిడ్నీ కథ చెప్పుచున్నది.

2023లో చైనాలోని హాంగ్జౌలో జరిగిన ఆసియా పారా క్రీడలలో దీప్తి నాలుగువందల మీటర్ల పరుగులో బంగారు పతకము గెలిచినది. 2024 మే 20వ తేదీన జపానులోని కోబే పట్టణమున ప్రపంచ పోటీలలో అదే దూరమును 55.07 సెకండ్లలో పరుగెత్తి, అమెరికా దేశస్థురాలు బ్రయానా క్లార్క్ పేరనున్న 55.12 సెకండ్ల ప్రపంచ రికార్డును దాటినది. సెకండులో ఇరువదవ వంతు తేడా. కంటి రెప్ప వేయు కాలము కూడ కాదు.

ఆ సంవత్సరమే పారిస్ ఆటలు. అచ్చట టర్కీ దేశపు ఐసెల్ ఒండెర్ తొలి పరుగులోనే దీప్తి రికార్డును దాటివేసినది. మరునాడు, సెప్టెంబరు 3న, తుది పరుగు. ఉక్రెయిను అమ్మాయి యూలియా షులియార్ మొదట, ఒండెర్ రెండవది, దీప్తి 55.82 సెకండ్లలో మూడవది. కంచు పతకము. బుద్ధి వికాసలోపము గలవారిలో మన దేశమునకు పారాలింపిక్ పతకము తెచ్చినది ఈమెయే మొదట.

ప్రపంచములో మొదటిదిగా పోయి మూడవదిగా వచ్చిన పిల్లను ఎట్లు ఎదుర్కొందురోయని చూచితిమి. బాగుగనే ఎదుర్కొనిరి. రాష్ట్ర ప్రభుత్వము కోటి రూపాయలు, ఉద్యోగము, వరంగల్లులో అయిదువందల గజముల స్థలము ప్రకటించెను. శిక్షకునికి పది లక్షలు. 2025 జనవరిలో రాష్ట్రపతి చేతిమీదుగా అర్జున పురస్కారము అందుకొన్నది. వెక్కిరించిన ఊరే పూలదండలతో వచ్చినదని మనము నవ్వవచ్చును. నవ్వకుడి. ఆలస్యముగా వచ్చిన దండయైనను దండయే. యోహాను 9లోని పొరుగువారు అంతకూడ చేయలేదు. కూర్చుండి బిచ్చమెత్తుకొనినవాడు వీడేనా, వేరొకడా అని వాదులాడుకొనిరి. ఇన్నేండ్లు ప్రక్కన బ్రదికి వాని ముఖమును సరిగా చూచినవారు లేకపోయిరి.

అయితే ఒక మాట నా మనస్సును విడువకున్నది. ఈ పిల్ల పరుగెత్తలేనిదై యుండినయెడల?

కాళ్లలో ఆ వేగము లేక, చదువులోను వెనుకబడి, కల్లెడలోనో మన ఊరిలోనో గుమ్మము ప్రక్క కూర్చుండు పిల్లయై యుండినయెడల, ఆమె పేరు మనమెట్లు పిలుచుచుందుము? ఇట్టి బిడ్డలలో పారిస్ పోవువారు లక్షలో ఒక్కరు కూడ ఉండరు. పతకము వచ్చినది గనుక ఆమె పిచ్చిది కాదని ఇప్పుడు మనమనుకొన్నయెడల, పతకము రానివారిని ఆ పేరుతో పిలుచుటకు మనకు మనమే అనుమతి ఇచ్చుకొన్నట్లగును. బోధకులు కూడ ఈ పొరపాటులో పడుచుందురు. చూచితిరా, దేవుడు ఎంత పైకెత్తెనో అని పతకమును చూపి ముగించుదురు. ప్రభువు చెప్పిన దేవుని క్రియ వేదికమీద ఇచ్చు బహుమానము కాదు. ఆ అధ్యాయములో చూపు వచ్చినవానికి ఏ సన్మానమును జరుగలేదు. పెద్దలు ప్రశ్నలు వేసి, తిట్టి, వెలివేసిరి. అతడు వెలివేయబడెనని వినిన తరువాత యేసు అతనిని వెదకి కనుగొనెను. 35వ వచనము చూడుడి. చూపు నిచ్చుటకు ఒకమారు, ఎవరును తోడులేని వేళ మరియొకమారు, రెండుమారులు ఆయనయే అతనియొద్దకు వచ్చెను. మొదటిసారి చుట్టు జనమున్నారు. రెండవసారి చప్పట్లు కొట్టువాడు ఒక్కడును లేడు.

కల్లెడ బడిని నేను మెచ్చుకొనునది పతకమునకు ముందటి సంవత్సరములకొరకు. ఊరు అనాథాశ్రమమును చూపిన పిల్లకు ఆ బడి హాజరు పుస్తకములో పేరు వ్రాసి, తోటిపిల్లలతో బెంచీమీద కూర్చుండబెట్టి, ఆటస్థలములో వరుసలో నిలువబెట్టినది. ఆ దినములలో ఎవరును ఫోటో తీయలేదు.

మన దేశమున 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, నిర్ణీత స్థాయి వైకల్యమున్న ఆరు మొదలు పదునెనిమిది సంవత్సరముల బిడ్డకు దగ్గరి బడిలోగాని ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదువుకొను హక్కున్నది. మండలములలో ఇట్టి పిల్లలకొరకు భవిత కేంద్రములున్నవి. ఈ సంగతి తెలియని తల్లులు మన సంఘములోనే ఉన్నారు. తెలిసియు, ఎవరేమందురోయని బిడ్డను ఇంట ఉంచి తాము మాత్రము ఆదివారము ఆరాధనకు వచ్చువారును ఉన్నారు. ఆ తల్లులను తప్పుపట్టను. పాట మధ్య బిడ్డ గట్టిగా అరచినప్పుడు వెనుకకు తిరిగి చూచు ముఖములు ఎవరివి? మనవే గదా.

స్త్రీల సమాజమువారు ఈ మాసము ఇంటింటికి పోవునప్పుడు, బడికి పోని బిడ్డ ఏ ఇంట నున్నను పేరు, వయస్సు వ్రాసికొని వచ్చుటకు ఒప్పుకొనిరి. ప్రధానోపాధ్యాయునితో మాటలాడుటకు ఇద్దరు పెద్దలు నాతో వచ్చెదరు. బడి వార్షికోత్సవమునకు అందరము పోవుదము; మన బిడ్డకు బహుమానము లేకపోయినను పోవుదము. ఆరాధనలో స్త్రీల వైపున ముందర రెండు చాపలు వేయించియున్నాము. అవి ఆ తల్లులకొరకు, ఆ బిడ్డలకొరకు. ఆలస్యముగా వచ్చినవారు దయచేసి వాటిమీద కూర్చుండవద్దు.