సూర్యుడికి అడ్డంగా పందిరి

రథసప్తమి నాడు చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి మొక్కే సూర్యుడూ, రోహిణి కార్తెలో మా పెరడును మాడ్చే సూర్యుడూ ఒకడేనని ఒప్పుకోవడం నాకు చాలాకాలం కష్టమైంది. మాఘమాసపు పొద్దున ఆయన పందిరి మీద వాలితే చేతులు వాటంతటవే లేస్తాయి. మే నెలలో మణుగూరు ఎండ 45 డిగ్రీలు దాటిన రోజుల్లో పది గంటలకే బీరతీగ తల వాలుస్తుంది, టమాట పూతంతా రాలిపోతుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాట పుప్పొడిలో సత్తువ ఉండదు. ఎన్ని బిందెలు పోసినా పిందె కట్టదు.

అందుకని పడమటి వైపు తాటిమట్టలతో దడి కట్టి, పైన గ్రీన్ నెట్ లాగాం. అది తులసికోట మీదికి కూడా వచ్చింది. మా అత్తమ్మ నొచ్చుకుంది. "తులసమ్మకు సూర్యనారాయణమూర్తిని కనపడనియ్యవా? దేవుడికే అడ్డం కడతావా బిడ్డా?" అంది. ఆమె మాటను చాదస్తమని తోసేయలేకపోయాను. దేవుడు పంపినదాన్ని తగ్గించి పుచ్చుకోవచ్చా? ఇంత చాలు, ఇంతకుమించి ఓర్వలేను అని ఆయనతో చెప్పడం భక్తికి లోటా? గోదావరి వరదను చూసినవాళ్లకూ, ఇంట్లో జబ్బుమనిషి ఉన్నవాళ్లకూ ఈ ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది.

ఆదివారం ఆదివారం ఆదిత్యహృదయం చదువుకుంటాను. యుద్ధకాండలో అగస్త్యుడు రాముడికి చెప్పిన ఆ స్తోత్రం సూర్యుణ్ణి మెత్తనివాడిగా చూపించదు. పుట్టించేదీ ఆయనే, నశింపజేసేదీ ఆయనే, కాల్చేదీ వాన కురిపించేదీ ఆయనే అంటుంది. పెరట్లో అది రోజూ కనిపిస్తుంది. టమాటను చంపే ఎండలోనే మల్లె విరగబూస్తుంది. చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించిన పొద, ఎండ ముదిరేకొద్దీ మొగ్గ తొడుగుతుంది. మా ఆయన ఓపెన్‌కాస్ట్ గనిలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన చూసిన బొగ్గంతా 25 కోట్ల ఏళ్లకు పూర్వం ఇదే సూర్యుడి కింద పెరిగిన చెట్లే. చిక్కుడు సంగతి మరీ వింత. మృగశిరలో పెట్టిన నాటు చిక్కుడు వానలన్నీ తాగి పందిరంతా అల్లుకుంటుంది గాని పూయదు. పగటి పొద్దు తగ్గి, రాత్రి పెరిగాకే దానికి పూత. రథసప్తమికి మేం రథం చేసే కాయలు సూర్యుడు కాస్త తగ్గినందుకు కాసినవే. ఇక్కడి కోయగూడేల్లో కొత్తల పండుగ చేసి దేవతలకూ పెద్దలకూ పెట్టేదాకా కొత్త చిక్కుడును నోట పెట్టరు. ఆ నిగ్రహం ముందు నా పూజ నాకు చిన్నదిగా కనిపిస్తుంది.

ఒకచోట కాల్చేది ఇంకోచోట పూయిస్తుంది, లోకం తీరే అంత అని మనసుకు సర్దిచెప్పుకోవచ్చు. మొక్కల వరకు ఆ మాట సరిపోయింది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి సరిపోలేదు. మా చుట్టూ ఉన్న అడవుల్లో తునికాకు కోసేది ఈ మండుటెండల్లోనే. ఎండాకాలపు లేతాకే బీడీకి పనికొస్తుంది. ఆడవాళ్లు చీకటితోనే అడవికి పోయి, ఆకు కోసి, 50 ఆకులకో కట్ట కట్టి కల్లానికి తెస్తారు. ఆకు ఎండడానికి ఎండ కావాలి. కోసిన మనిషికి అదే ఎండ ప్రాణం మీదికి తెస్తుంది. మా గేటు దగ్గర నీళ్లకు ఆగిన ఒకామె, "ఎండ లేకుంటే ఆకు లేదక్కా, ఆకు లేకుంటే పైసలు లేవు" అంది. నిజమే. ఆ మాట ఆమె అనవచ్చు. నీడన కూర్చున్న నేను అదే మాట ఆమెకు తిరిగి చెప్పకూడదు.

మహాభారతం అనుశాసనిక పర్వంలో ఒక కథ ఉంది. జమదగ్ని బాణాలు వేస్తుంటే రేణుక ఏరి తెస్తోంది. జ్యేష్ఠమాసం, మిట్టమధ్యాహ్నం. తలా పాదాలూ కాలిపోయి ఆమె చెట్టు నీడన కాసేపు నిలబడింది. ఆలస్యానికి కారణం తెలిసి జమదగ్ని సూర్యుడి మీదికే విల్లెక్కుపెట్టాడు. సూర్యుడు బ్రాహ్మణ వేషంలో దిగివచ్చి నచ్చజెప్పాడు: కిరణాలతో నీటిని పైకి తీసేది వానగా కురవడానికే, ఆ వానతోనే అన్నం పండుతుంది అని. అందులో అబద్ధం లేదు. అయినా జమదగ్ని దాంతో తృప్తిపడలేదు. ఈ వేడికి ఉపాయం చెప్పమన్నాడు. అప్పుడు సూర్యుడే గొడుగునూ చెప్పులనూ ఇచ్చాడు.

బాధపడే మనిషికి బాధ ఎందుకో వివరించడం దగ్గరే మన వేదాంతం చాలాసార్లు ఆగిపోతుంది. కర్మ అంటాం, పరీక్ష అంటాం. ఈ కథలో దేవుడికి తన వివరణ చాలదని తెలిసింది. ఎండ తగ్గిస్తానని ఆయన మాటివ్వలేదు, అడ్డం పెట్టుకునే సాధనాన్ని తన చేతులతో అందించాడు. అందుకే నా గ్రీన్ నెట్‌ను నేను అపచారమనుకోను.

ఈ కథ అత్తమ్మకు చదివి వినిపించాను. విని, భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి వేసే చలువ పందిళ్లను తలచుకుంది. సూర్యవంశంలో పుట్టిన రాముడి పెళ్లికే నీడ వేస్తున్నాం కదా అని తనే అంది. తులసి దగ్గర మాత్రం పొద్దెక్కేదాకా నెట్ పక్కకు జరపమంది. అది మొక్కకూ మంచిదే.

వైశాఖంలో గొడుగు, చెప్పులు, నీళ్లకుండ దానమివ్వడం మన పెద్దలు పెట్టిన ఆచారమే. ఈసారి గుళ్లో ఒక గొడుగు ఇద్దామని అత్తమ్మ, మిగతావి తునికాకు కల్లం దగ్గర ఇద్దామని నేను అనుకున్నాం. ఆకు కోసేటప్పుడు రెండు చేతులూ కావాలి, గొడుగు పట్టే వీలుండదు. కల్లంలో కట్టలు అప్పజెప్పి లెక్క రాయించుకునేదాకా నిలబడేటప్పుడే అది అక్కరకొస్తుంది. చెప్పులైతే అడవిలోనూ కావాలి. అందుకని ముందు చెప్పులే కొంటున్నాం. మా గేటు దగ్గర ఆగేవాళ్ల కాలి కొలతలు అడిగి రాసుకుంటున్నాను.