అతిథి నుండి ఆచార్యుడి వరకు: నిర్వాసిత పండితుల పట్ల విశ్వవిద్యాలయ ధర్మం

ప్రస్తావన

ఒక దేశం వెళ్లగొట్టిన పండితుడికి మరో దేశపు విశ్వవిద్యాలయం చోటివ్వడాన్ని సాధారణంగా ఆతిథ్యంగా పరిగణిస్తారు. అతిథిని దైవంగా భావించమని తైత్తిరీయోపనిషత్తు బోధించింది. అయితే అతిథి ఎంత పూజ్యుడైనా ఇంటి బాధ్యతల్లో భాగస్వామి కాడు. కొంతకాలానికి వెళ్లిపోవలసినవాడే. తిరిగి వెళ్లడానికి ఇల్లే లేనివాడి విషయంలో ఈ భావన సరిపోతుందా? 1930లలో భారతదేశానికి వచ్చిన ఇద్దరు జర్మన్ ఆచార్యుల అనుభవాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

రెండు సంస్థలు – రెండు నిర్ణయాలు

1933 ఏప్రిల్ 7న నాజీ ప్రభుత్వం చేసిన చట్టం యూదు సంతతివారిని ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించడానికి మార్గం వేసింది. గట్టింగెన్‌లో భౌతికశాస్త్రాచార్యులుగా ఉన్న మాక్స్ బోర్న్ ఆ విధంగా స్థానం కోల్పోయారు. సి.వి. రామన్ ఆహ్వానంపై ఆయన 1935–36లో సుమారు ఆరు నెలలు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేశారు. ఆయనకు అక్కడ శాశ్వత స్థానం కల్పించాలని రామన్ ప్రయత్నించారు. స్వదేశం తరిమివేసిన రెండవ శ్రేణి విదేశీయుడు తమ సంస్థకు తగడని ఒక ఆంగ్లేయ ఆచార్యుడు సమావేశంలో వాదించినట్లు బోర్న్ తన ఆత్మకథలో నమోదు చేశారు. రామన్ పాలనపై సంస్థలో ఉన్న వ్యతిరేకత కూడా దీనికి తోడైంది. ప్రతిపాదన ఫలించలేదు. 1936లో బోర్న్ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

1935లో లైప్‌జిగ్‌లో కొలువు కోల్పోయిన గణితవేత్త ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ లేవీ విషయంలో కలకత్తా విశ్వవిద్యాలయం భిన్నంగా వ్యవహరించింది. ఆయనకు హార్డింజ్ ఆచార్య పీఠాన్నే అప్పగించింది. 1948 వరకు ఆయన అక్కడ ఉన్నారు. ఆయన వద్ద పరిమిత క్షేత్రాల గణితాన్ని తెలుసుకున్న రాజచంద్ర బోస్ దానిని గణాంకశాస్త్రంలోని ప్రయోగ రూపకల్పనకు అన్వయించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో కలకత్తా చేరిన సి.ఆర్. రావు తొలి పరిశోధనల్లో కొన్ని ఈ బాటలోనే సాగాయి.

పూర్వపక్షం – సమాధానం

కొలువులు పరిమితం, స్థానిక పరిశోధకులే నిరీక్షిస్తున్నారు, అటువంటప్పుడు పరాయివారికి పీఠం ఎలా ఇవ్వగలమన్న ఆక్షేపణ తేలికగా కొట్టివేయదగినది కాదు. లేవీ రాక స్థానిక పరిశోధనను పెంచిందే గాని తగ్గించలేదని సమాధానం చెప్పవచ్చు. కాని ప్రయోజనమే ప్రాతిపదికయితే, ప్రసిద్ధి లేని పండితుడికీ, ఫలితాన్ని లెక్కకట్టలేని కవికీ, చిత్రకారుడికీ ద్వారం మూసుకుపోతుంది. బోర్న్‌కు 1954లో నోబెల్ బహుమతి వచ్చింది. అది రాకపోయినా బెంగళూరులో వినిపించిన ఆ వాదం తప్పే.

ఆ తప్పు యోగ్యతను పరీక్షించడంలో లేదు. విశ్వవిద్యాలయం యోగ్యతను పరీక్షించక తప్పదు. బహిష్కరణనే అయోగ్యతకు నిదర్శనంగా చూపడంలో ఉంది. వెళ్లగొట్టిన ప్రభుత్వం ఇచ్చిన తీర్పును స్వతంత్రంగా విచారించవలసిన విద్యాసంస్థ తన తీర్పుగా స్వీకరించడమే అక్కడి నైతిక వైఫల్యం.

ముగింపు

కనుక ఆశ్రయమిచ్చే విశ్వవిద్యాలయపు మొదటి ధర్మం దయ కాదు, న్యాయవిచారణ. 1999లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆరంభమైన ‘స్కాలర్స్ ఎట్ రిస్క్’ వంటి ప్రయత్నాలు నేడు అనేకులకు తక్షణ రక్షణ కల్పిస్తున్నాయి. వాటి విలువ కాదనలేనిది. అయితే ఇటువంటి నియామకాలు సాధారణంగా స్వల్పకాలికాలు. గడువు ముగిశాక ఆ పండితుడు మళ్లీ నిర్వాసితుడే. పాఠం చెప్పే హక్కు, పరిశోధకులకు మార్గదర్శనం చేసే బాధ్యత, శాఖా సమావేశంలో విభేదించే స్వేచ్ఛ లభించినప్పుడే అతిథి ఆచార్యుడవుతాడు. అన్యాయమైన బహిష్కరణ రద్దయ్యేది కూడా అప్పుడే.