తాళము త్రిప్పినప్పుడు ఏమి వినబడెను?

పఠన భాగము: 1 రాజులు 19:1–21

కర్మెలు పర్వతముమీద నాలుగువందల ఏబదిమంది బయలు ప్రవక్తల యెదుట ఒంటరిగా నిలిచిన ఏలీయా, యెజెబెలు పంపిన ఒక్క కబురునకు బెదరిపోయెను. అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలువరకు పరుగెత్తిన ఆ కాళ్లే అతనిని బెయేర్షెబాకు, అక్కడనుండి అరణ్యమునకు మోసికొనిపోయెను. అచ్చట ఒక బదరీవృక్షము క్రింద కూలబడి, ఇక చాలునని చావు కోరుకొనెను. ఇట్లు నిలిచిపోయిన సేవకునియెడల దేవుడు ఏమి చేసెనో ధ్యానించుటకు ముందు, ప్రియ చదువరీ, నిలిచిపోయిన మోటారు కారును ఎట్లు పరీక్షింతురో కొంత చెప్పవలసియున్నది. వాహనము లేనివారు ఓపిక పట్టవలెను. ఇది వారికిని పనికివచ్చును.

ఆదివారము ఉదయమున ఆరాధనకు వేళయగుచుండగా కారు కదలనియెడల చుట్టుప్రక్కలవారందరు వైద్యులగుదురు. ఒకరు పెట్రోలు లేదందురు. ఒకరు బ్యాటరీ మార్చుమందురు. మరియొకరు అమ్మివేయుట మేలందురు. పని తెలిసిన మెకానిక్కు మాత్రము బానెట్టు ఎత్తకమునుపే ఒక మాట అడుగును: “అయ్యగారూ, తాళం తిప్పితే ఏం వినపడిందండీ?”

ఆ ప్రశ్నలో అతని విద్య చాలవరకున్నది. ఇంజను మేలుకొనుటకు మొదట ఏదో ఒకటి దానిని త్రిప్పవలెను. పిమ్మట గాలితో కలిసిన పెట్రోలును, తగిన క్షణమున నిప్పురవ్వయు కావలెను. 1912లో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ కాడిలాక్ కార్లకు అమర్చబడకమునుపు, త్రిప్పు పని మనుష్యుని చేతిదే. ఇప్పుడా పని స్టార్టర్ మోటారుది. మనవారు దానినే సెల్ఫ్ అందురు. సెల్ఫ్ చురుకుగా తిరుగుచున్నను ఇంజను అందుకొననియెడల బ్యాటరీని నిందింప పనిలేదు. పెట్రోలువైపు, ప్లగ్గులవైపు చూడవలెను. ఇంజక్షన్ కార్లలో తాళము పెట్టగానే వెనుకనుండి పంపు రెండు క్షణములు సన్నగా మ్రోగును. ఆ మ్రోత లేనిచో అనుమానము అక్కడ. నేటి తాళపుచెవిలోనున్న గుర్తును బండి గ్రహింపకపోయినను ఇంజను పలుకదు. ఎదుటనున్న తాళపు దీపము మినుకుమినుకుమని సంగతి తెలుపును. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్‌కు ఇట్టి చిక్కు లేదు, దాని చిక్కులు దానికున్నను!

సెల్ఫ్ తిరుగనప్పుడు శోధన వేరు. ముందు దీపములు వెలిగించి తాళము త్రిప్పుదురు. దీపములు ఆరిపోవునట్లు మసకబారినచో బ్యాటరీలోనో దాని అతుకులలోనో బలహీనత కలదు. టకటకమని వరుసగా చప్పుడైనను తరచుగా అదే అర్థము. దీపములు ఏమాత్రము తగ్గక, చప్పుడును లేనిచో, ఆజ్ఞయే సెల్ఫ్‌ను చేరలేదన్నమాట. తానే గేరు మార్చుకొను కార్లలో లివరు ‘పార్కు’నందో ‘న్యూట్రల్’నందో లేకున్నను ఇట్లే జరుగును, దానికి ఏ సామానును కొననక్కరలేదు.

మనుష్యులను ఎక్కువగా మోసపుచ్చు దోషము మరియొకటి కలదు. పన్నెండు వోల్టుల బ్యాటరీ నిండుగానున్నప్పుడు మీటరు దాదాపు 12.6 చూపును; 12.0కు దిగినచో అది దాదాపు ఖాళీ. ఒక బండిలో 12.6 ఉన్నది, దీపములు వెలుగుచున్నవి, హారను మ్రోగుచున్నది. అయినను సెల్ఫ్ ఒక్కసారి టక్కుమని ఊరకుండును, ఆ క్షణముననే దీపములు వెలవెలబోవును. ఏల? దీపములు కోరునది కొద్ది ఆంపియర్లే; సెల్ఫ్ ఒక్కమారుగా నూరుకు పైబడి అడుగును. బ్యాటరీ మైనస్ కొననుండి బండి లోహమునకు, ఇంజనుకు పోవు ఎర్త్ తీగ బోల్టు క్రింద త్రుప్పుపట్టియుండగా, స్వల్పమైన కోరికకు ఆ దారి చాలును, గొప్ప భారమునకు చాలదు. దీపము చూచినవాడు బ్యాటరీ మంచిదని క్రొత్త సెల్ఫ్ కొనును. సెల్ఫ్ తిరుగలేదని మరియొకడు క్రొత్త బ్యాటరీ కొనును. ఇరువురి సొమ్మును పోవును, త్రుప్పు ఉన్నచోటనే ఉండును. తెలిసినవాడు మీటరు కొన ఒకటి బ్యాటరీ మైనస్ మీదను, మరియొకటి ఇంజను లోహముమీదను ఉంచి తాళము త్రిప్పించును. ముల్లు కదలీ కదలనట్లుండవలెను. అర వోల్టునకు మించి లేచినచో దోషము ఆ దారిలోనేయున్నది. అప్పుడు స్పానరుతో మైనస్ తీగను మొదట విప్పి, కొనలను మెరయునట్లు గీకి, ఆ తీగను కడపట బిగించును. బ్యాటరీపై తెల్లని పొడి పేరియున్నచో వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడుగును. బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజను వాయువు మండునది గనుక అగ్గిపుల్ల దగ్గరకు రానీయడు.

సంఘములో మనము ఈపాటి ఓర్పు చూపుచున్నామా? పది సంవత్సరములు సండే స్కూలులో బోధించిన ఒకడు రెండు నెలలుగా రావడము లేదనుకొనుడి. ఒక పెద్ద వెళ్లి సమాజముగా కూడుట మానరాదను హెబ్రీ పత్రికలోని హెచ్చరికను వినిపించును. మరియొకరు లోకాశ అందురు. ఉజ్జీవ కూటములకు లాగుకొని వచ్చిన సరిపోవునని ఇంకొకరు. నెట్టినయెడల కొన్ని బండ్లు కదలును, ఇల్లు చేరును. లోపల కరెంటు నిలువనియెడల మరుసటి ఉదయము మరల నెట్టవలసినదే. అతని తండ్రికి పక్షవాతము వచ్చినదనియు, రాత్రులందు ఆ కుమారుడొక్కడే మేలుకొనుచున్నాడనియు, ప్రశ్న అడిగినవారెవరును లేరు గనుక ఎవరికిని తెలియలేదు. వీధిలో కలిసినప్పుడు అతడు నవ్వి వందనములు చెప్పెను. ఆ దీపము చూచి మనము తృప్తిపొందితిమి.

పాపమే కారణమైన సమయములు లేవని నేననను. ఆకాను విషయములో దోషము దొంగసొత్తే. అయినను అక్కడ సయితము దేవుడు గోత్రము, వంశము, కుటుంబము, పురుషుడు అను క్రమమున ఒక్కొక్కటే తేల్చి చూపెను గాని ఎదుటపడినవానిమీద నింద వేయనీయలేదు.

ఇప్పుడు బదరీవృక్షమునొద్దకు వత్తము. దూత గద్దింపలేదు. నిద్ర, నిప్పులమీద కాల్చిన రొట్టె, కూజాతో నీళ్లు. మరల నిద్ర, మరల రొట్టె. ప్రయాణము అతని శక్తికి మించినదని దూతయే ఒప్పుకొనెను. ఈ చోట ఏలీయాను పిరికివాడని ప్రసంగించువారు ఈ వచనములను త్వరత్వరగా దాటిపోవుట నేనెరుగుదును. నలువది దినముల తరువాత హోరేబు గుహలో దేవుడడిగినది ఒక ప్రశ్న: ఇక్కడ నీకేమి పని? గాలి, భూకంపము, అగ్ని, మెల్లని స్వరము గడచిన పిమ్మటను ఆ ప్రశ్ననే అడిగెను. ఏలీయాయు రెండుమారులు ఒక్క ఉత్తరమే ఇచ్చెను: తానొక్కడే మిగిలెనని. అన్నము తినిన తరువాతను, ప్రభువు ప్రత్యక్షత చూచిన తరువాతను అదే చప్పుడు వినబడినది గనుక, దోషమున్నచోటు తేలిపోయినది. మూడవ వచనము మరల చదువుడి. అరణ్యమునకు పోకమునుపు అతడు తన దాసుని బెయేర్షెబాలో విడిచిపెట్టెను. ఇతరులతో తన్ను కలిపియుంచిన కడపటి తీగను తానే విప్పుకొనెను.

దేవుడు అతనికి క్రొత్త ధైర్యముమీద ఉపన్యాసము చేయలేదు. ఇశ్రాయేలులో ఇంకను ఏడువేలమంది బయలునకు మ్రొక్కనివారున్నారని చెప్పెను. ఒకని పేరును, ఊరును చెప్పి పంపెను. ఏలీయా కొండ దిగి వెళ్లెను. ఆబేల్మెహోలావాడైన ఎలీషా పన్నెండు జతల ఎడ్లు నడచుచున్న పొలములో కడపటి జత వెంట దున్నుచుండెను. ఏలీయా దగ్గరకు పోయి తన దుప్పటిని అతనిమీద వేసెను. ఆ దినమునుండి వారిద్దరును కలిసి నడచిరి.