భూతదయ – మార్జాల హృదయము

దయ హృదయమున సహజముగా జనించు గుణమా, శ్రమించి అభ్యసింపవలసిన విద్యయా అను ప్రశ్న ధర్మశాస్త్రములంత ప్రాచీనమైనదే యైనను, పసివాని చేతికి పిల్లికూన చిక్కిన క్షణమున అది మన నట్టింటికే వచ్చి నిలుచును. బాలుడు దానిని ద్వేషింపడు. ప్రేమించును, కావుననే గట్టిగా అదుముకొనును. కూన చెవులు వెనుకకు వాలి తల కంటుకొనును, కనుపాపలు విప్పారును, తోక చివర అటునిటు కొట్టుకొనును. ఐనను వాడు నవ్వుచునే యుండును. వానియందు ప్రేమకు కొదువ లేదు. ఎదుటి ప్రాణి భయమును గుర్తించు నేర్పు మాత్రమే లేదు.

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ వినని తెలుగుబిడ్డ అరుదు. పిల్లిని పెంచుటకై రాయలవారు ఆవు నొసగగా, రామకృష్ణుడు తొలినాడే పొగలు గ్రక్కు పాలను దాని ముందుంచెను. మూతి కాలిన ఆ ప్రాణి నాటినుండి పాలగిన్నె కంటబడినంతనే పరుగు లంకించుకొనెను. సభ నవ్వెను, తరతరములుగా మనమును నవ్వుచున్నాము. పిల్లి మనస్సు రామకృష్ణునికి తెలియదనరాదు. ఒక్క వాత దానికెంతకాలము జ్ఞాపకముండునో చక్కగా ఎరిగియే ఆ పని చేసెను. బాలునిది జ్ఞానము లేని ప్రేమ, కవిది ప్రేమ లేని జ్ఞానము. రెంటియందును నొచ్చినది పిల్లియే. కథ ముగియగానే, పిల్లి ఏల పారిపోయెనని బిడ్డ నడిగినచో, నీతిపాఠములు నూరు చెప్పినను రాని యోచన వానికి కలుగును.

పిల్లి నడతను ప్రేమతో గమనించినవారు మన భక్తులలోను కలరు. విష్ణుదేవుని శరణాగతిని గూర్చి శ్రీవైష్ణవులు రెండు న్యాయములు చెప్పుదురు: తల్లిని తానై పట్టుకొను కోతిపిల్ల వలె జీవుడు భగవంతుని పట్టుకొనవలెనని వడగలై శాఖవారు, తల్లియే నోట కరచుకొని పోవు పిల్లికూన వలె తన్ను తాను విడిచిపెట్టవలెనని తెంగలై శాఖవారు. మెడపై తల్లి పట్టు తగులగానే కూన కాళ్లు ముడుచుకొని కదలక వ్రేలాడుటయు, ఎలుకను చంపు కోరలే కూనకు గాటైన పడకుండ మోయుటయు ఓపికతో చూచినవారికి గాని ఈ ఉపమానము తట్టదు.

ఇరుగుపొరుగున నున్న ముస్లిముల హదీసులలోను పిల్లికి చోటు కలదు. పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, దానినైనను తిరిగి పురుగుపుట్రను తిననీయని స్త్రీ నరకమున కేగెనని ప్రవక్త చెప్పినట్లు బుఖారీ సంకలనమున నున్నది. ఆమె దానిని కొట్టెనని అందు లేదు. తిండి పెట్టక స్వేచ్ఛ హరించుటయే అచ్చట పాపము. ఆడుకొనుటకై కూనను పెట్టెలో మూసిపెట్టు పిల్లలకు ఇంతకంటె సూటియైన బోధ వేరొకటి వలదు.

పిల్లి భావములను చదువుట దుస్సాధ్యము కాదు. 1872లోనే డార్విను జంతువుల భావప్రకటనమును గూర్చిన తన గ్రంథమున పిల్లి భయమును, కోపమును, అనురాగమును విడివిడిగా వర్ణించెను. 2020లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మనుష్యుడు కనులు అరమోడ్చి మెల్లగా రెప్పలార్చినచో పిల్లియు అట్లే బదులిచ్చుననియు, అపరిచితుని చెంతకైనను వచ్చుటకు మొగ్గుచూపుననియు కనుగొనిరి. వెల్లకిల పడి పొట్ట చూపుట నమ్మకమునకు గుర్తే గాని ముట్టుకొమ్మను అనుమతి కాదు. గురగుర సంతోషమునందే గాక బాధయందును వినవచ్చును.

సర్వభూతములను తనతో పోల్చి చూడుమని గీత బోధించిన ఆత్మౌపమ్యమును పైపైన గ్రహించినచో, కౌగిలి తనకిష్టము గనుక పిల్లికిని ఇష్టమేయని బాలుడు పొరబడును. నా ఇష్టమును ఇతరులు గౌరవించుట నాకెంత ప్రియమో, దాని ఇష్టమును నేను గౌరవించుట దానికంత ప్రియమని తెలియుటయే ఆ బోధకు నిండు అర్థము. ప్రాణికోటిపై కారుణ్యము పౌరుని ప్రాథమిక విధియని 1976లో మన రాజ్యాంగమున చేర్చిరి. కాని ఆ విధి శాసనముచేత అలవడునది కాదు. పిల్లి విడిపించుకొనగోరినప్పుడు చేతులు సడలించుట నేర్చిన బిడ్డ, మాట రాని శిశువుయెడలను, మాట పెగలని వృద్ధునియెడలను, నోరు విప్పి చెప్పుకొనలేని ప్రతివానియెడలను ఎట్లు మెలగవలెనో అప్పుడే సగము నేర్చినవాడు.