జట్టును విడిచిపోతే ద్రోహమేనా?

మా దాదర్ చాల్‌లో ఒక బెంజో పార్టీ ఉంది. గణపతి పండుగ వచ్చిందంటే కామాఠిపురా గల్లీల దాకా వాళ్ళకు పిలుపులే. మా అన్న అందులో కీబోర్డు వాయించేవాడు. పోయిన ఏడు వేరేచోట ఒక్కడికే మంచి అవకాశం వస్తే వెళ్ళిపోయాడు. అప్పటినుంచి పాత దోస్తులు అన్నతో మాట్లాడటం లేదు. "నేర్పింది మేము, పేరు వాడికా?" అంటారు. అన్న చేసింది ద్రోహమేనా?

గాయకుడు రామ్ మిరియాల సంగతి చూద్దాం. ఆయన మొదట హైదరాబాద్‌లోని చౌరస్తా బ్యాండ్‌లో పాడేవారు. 'మాయ', 'ఊరెళ్ళిపోతా మామా' పాటలతో ఆ బ్యాండ్‌కు పేరొచ్చింది. తర్వాత ఆయన బయటికొచ్చారు. 2021లో 'జాతిరత్నాలు' సినిమాలో 'చిట్టి' పాట పాడారు. 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాటకు తానే బాణీ కట్టి పాడారు. బ్యాండ్ లేకుంటే ఆయన గొంతు మనకు అంత తొందరగా తెలిసేది కాదు. బయటికి రాకుంటే ఈ పాటలు వచ్చేవో లేదో! రెండూ నిజమే.

ఇంగ్లండ్‌లో బీటిల్స్ బ్యాండ్ పాటలు ఎక్కువగా జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ రాసినవే. జార్జ్ హారిసన్ రాసినవాటికి చోటు తక్కువ. 1970లో బ్యాండ్ విడిపోగానే, అదే ఏడు ఆయన మూడు రికార్డుల ఆల్బమ్ తెచ్చాడు. అన్ని పాటలు లోపలే దాచుకుని కూర్చోవడం మంచితనం అవుతుందా? నాకైతే అనిపించదు.

మా తాత కూడా ఊరు విడిచి ముంబయి వచ్చినవాడే. ఊరికి ద్రోహం చేశాడని ఎవరూ అనలేదు. ఎందుకంటే పైసలు పంపాడు, పెళ్ళిళ్ళకు, చావులకు పోయాడు, తనది ఫలానా ఊరని చెప్పుకున్నాడు. కాబట్టి పోవడం తప్పు కాదు. ఎలా పోయాం, పోయాక ఎలా ఉన్నాం అన్నదే ముఖ్యం.

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. అన్న పండుగకు ఎనిమిది రోజుల ముందు చెప్పి వెళ్ళాడు. అంతలో వాళ్ళకు ఇంకో మనిషి దొరకలేదు, ఒప్పుకున్న పని పోయింది. వెళ్ళడం అన్న హక్కు, కానీ అలా వెళ్ళడం తప్పు. అలాగని ఏడాదంతా మాట్లాడకపోవడం కూడా న్యాయం కాదు.

ఈ మాట అంటే అన్నకు కోపమొచ్చింది. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. కానీ ఈసారి నిమజ్జనం రోజు ఎక్కడా పని ఒప్పుకోలేదని అమ్మ చెప్పింది. కీబోర్డు తుడిచి పెట్టుకున్నాడు. దోస్తులు పిలుస్తారో లేదో చూడాలి.